మన మాంగనీసు ఊళ్లలో పింగాణీ బొమ్మల బాట వెయ్యాలంటే

ఇంగ్లండ్‌లో నైరుతి మూలన కార్న్‌వాల్ అని ఒక ప్రాంతం ఉంది. అందులో సెయింట్ ఆస్టెల్ అనే ఊరి చుట్టుపక్కల రెండు శతాబ్దాలకు పైగా తెల్లమట్టి తవ్వుతున్నారు. పింగాణీకి వాడే మట్టి అది. 1740ల్లో విలియం కుక్‌వర్తీ అనే మందుల వ్యాపారి కార్న్‌వాల్‌లో ఈ మట్టి ఉందని గుర్తుపట్టాడు, 1768లో దాంతో అసలైన పింగాణీ చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, అక్కణ్ణుంచి కథ మొదలైంది. తవ్వి పారబోసిన ఇసుక గుట్టలు ఈ రోజుకీ తెల్లగా నిలబడి ఉన్నాయి. పని అయిపోయిన ఒక గనిలో 2001లో ఈడెన్ ప్రాజెక్టు అనే పెద్ద వనం తెరిచారు. వీల్ మార్టిన్ అనే పాత మట్టి కార్ఖానాని మ్యూజియం చేశారు. 2022లో ఊరి మధ్యన 11 మీటర్లకు పైగా ఎత్తున్న భూదేవి శిల్పాన్ని నిలబెట్టారు, శాండీ బ్రౌన్ అనే ఆవిడ చేసింది, మొత్తం కాల్చిన మట్టే. ఇప్పుడు ఆ ఊరికి వెళ్లినవాళ్లు వీధుల్లో మట్టిపనులు చూసుకుంటూ, గనుల చరిత్ర చదువుకుంటూ నడవొచ్చు.

నేను ఇది రాస్తున్నది విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి వైపు ఉన్నవాళ్ల కోసం. అక్కడ మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్ల నుంచి ఉంది, మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఈ కోడూరు, గర్భాం చుట్టుపక్కల. అయినా ఆ దారిన రైల్లో వెళ్లే మనిషికి ఆ సంగతి చెప్పే బోర్డు కూడా కనపడదు. ఒక యువజన సంఘమో, నలుగురు టీచర్లో, కాస్త ఓపికున్న సర్పంచో పూనుకుంటే చిన్న బాట వెయ్యొచ్చు, అంటే వరసగా కొన్ని చోట్ల బొమ్మలు పెట్టి, వాటిని చూసుకుంటూ గనుల కథ తెలుసుకునే దారి. ఎలాగో ఉన్నంతలో వివరంగా చెబుతాను. ఒక్క మాట మాత్రం ముందే గట్టిగా అనేస్తాను: బొమ్మలు ఆర్డర్ ఇచ్చేసి తర్వాత వాటికి కథ అతికించే పని చెయ్యకండి. నేల కథ ముందు, అందులోంచి బొమ్మ. ఈ వరస తప్పితే అది సెంటర్లో పెట్టే ఇంకో ఫౌంటెన్ అయిపోతుంది, ఆర్నెల్లకి ఎవరూ తలెత్తి చూడరు.

ముందు ఆ నేల ఏమిటో తెలుసుకోండి

కోడూరు పేరు మీద ప్రపంచంలో ఒక రాయి ఉంది. కోడురైట్ అంటారు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన లీ ఫెర్మర్ 1900ల తొలి సంవత్సరాల్లో మన మాంగనీసు గనులన్నీ తిరిగి చూసి ఈ రాయికి మన ఊరి పేరు పెట్టాడు. అందులో పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు ఉన్న ఒక రకం గార్నెట్, అపటైట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. ఈ రాయి లక్షల ఏళ్లు నీళ్లు తగిలి కుళ్లినప్పుడు రెండు పనులు జరిగాయి. గార్నెట్‌లో ఉన్న మాంగనీసు విడిపోయి ఒకచోట నల్లగా గట్టిపడి ఖనిజం అయ్యింది. ఫెల్డ్‌స్పార్ అందులోని పొటాష్ పోగొట్టుకుని మెత్తటి తెల్లమట్టిగా మారింది. అందుకే అక్కడి పాత గని గోడని పగటి వెలుతురులో చూస్తే మూడు రంగులు కలిసి కనిపిస్తాయి: నల్లటి ఖనిజం, దాని పక్కనే సుద్దలాంటి తెలుపు, మధ్యలో పసుపూ ఎరుపూ కలిసిన కావిమట్టి చారలు. తెల్లటి భాగాన్ని గోటితో గీకితే పొడి రాలుతుంది, నలుపు మాత్రం సుత్తికి కూడా సులువుగా లొంగదు.

కార్న్‌వాల్‌లో తెల్లమట్టి పుట్టింది కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో. అక్కడ గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి మట్టి అయ్యింది. తేడా ఎక్కడంటే, వాళ్లకి తెలుపు సరుకు, మిగతాది గుట్టల్లో పారబోసింది. మనకి నలుపు సరుకు, తెలుపు పారబోసింది. మన బాటకి మూలం ఇక్కడే దొరుకుతుంది. తెల్లటి మట్టి మీద మాంగనీసు నలుపుతో గీసిన బొమ్మలు, ఒకే గోడలోంచి వచ్చిన రెండు రంగులు. ఇంకెక్కడికో పోయి థీమ్ వెతుక్కోవక్కర్లేదు.

ఇక మనుషులు. ఖనిజాన్ని సుత్తితో కొట్టి, మట్టీ రాయీ వేరుచేసి, గంపల్లో నెత్తిన మోసింది చాలావరకు ఆడవాళ్లు. ఆ పని చేసినవాళ్లూ, చేసినవాళ్ల పిల్లలూ ఇంకా ఊళ్లలో ఉన్నారు. గరివిడి దగ్గర శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ చుట్టూ ఒక పెద్ద కాలనీయే పెరిగింది. మాంగనీసునీ ఇనుమునీ కలిపి కరిగించి ఉక్కు ఫ్యాక్టరీలకు కావలసిన ఫెర్రో మాంగనీసు చేసేవారు. ఈ మనుషుల దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చెయ్యండి, వాళ్లని అడిగే చెయ్యండి. పనిముట్ల పేర్లు, గని గుంతలకి వాళ్లు పెట్టుకున్న పేర్లు, కూలి ఎలా లెక్కకట్టేవారు, మధ్యాహ్నం ఏం తినేవారు, ప్రమాదాలు జరిగితే ఏం చేసేవారు, ఇవన్నీ అడగండి. "అప్పట్లో ఎలా ఉండేదమ్మా" అని అడిగితే "ఏముంది బాబూ, కష్టం" అని ఊరుకుంటారు. అదే ఒక గంప చేతిలో పెట్టి "ఇది ఎంతవరకు నింపేవారు, ఎవరు ఎత్తి నెత్తిన పెట్టేవారు" అని అడిగి చూడండి, గంటసేపు చెబుతారు.

దారి ఎంచుకోవడం

మొదటి ఏడాది ఐదారు చోట్లకి మించొద్దు. పేపరు మీద ఇరవై చోట్లు అనుకోవడం తేలికే, కానీ ఒక్కో బొమ్మకి స్థలం, కాల్పు, దిమ్మె, బోర్డు, తర్వాత చూసుకునే మనిషి ఉండాలి. గరివిడి, చీపురుపల్లి హౌరా–చెన్నై మెయిన్ లైను మీద పక్కపక్క స్టేషన్లు. బాట ఒక స్టేషన్ దగ్గర మొదలై రెండో స్టేషన్ దగ్గర ముగిసేలా వేస్తే కారు లేనివాళ్లు కూడా రాగలరు, స్కూలు పిల్లల్ని తీసుకురావడం కూడా సులువు. నడవగలిగిన భాగం, ఆటోలో వెళ్లాల్సిన భాగం వేరువేరుగా చూపించండి. నీడ ఎక్కడుందో చూసుకోండి, ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ మన ఎండల్లో బొమ్మ చెట్టు కింద ఉంటేనే మనిషి ఆగి బోర్డు చదువుతాడు. బడి ముందు, రచ్చబండ పక్కన, బస్‌స్టాప్, సంత జరిగే చోటు, ఇలా రోజూ జనం మసిలే చోట్లే మంచివి. ఎవరూ లేని గుట్ట మీద పెడితే ఫొటోకి బాగుంటుంది, రెండో నెలలో పగిలిపోతుంది.

గని గుంతల విషయంలో అస్సలు రాజీ పడకండి. వాడకం ఆగిపోయిన గుంతల్లో నీళ్లు నిండి చూడ్డానికి ప్రశాంతంగా ఉంటాయి, కానీ ఒడ్డు నిట్టనిలువుగా ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అంచు మట్టి వానకి గుల్లబారి ఉంటుంది. బాట ఏ గుంత అంచుకీ వెళ్లకూడదు. దూరం నుంచి, కంచె ఇవతల నుంచి కనిపించే చోటు చూసుకుని అక్కడ బొమ్మ పెట్టండి. నడుస్తున్న గనిలోకి మేనేజరు అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

అనుమతులు విసుగు పుట్టించే పని, కానీ ముందే చేసుకుంటే మంచిది. ముందు గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. స్థలం ఎవరిదో, సర్వే నంబరు ఏమిటో వీఆర్వో దగ్గర కనుక్కోండి. రోడ్డు పక్క అయితే అది పంచాయతీరాజ్ వాళ్లదా, ఆర్ అండ్ బీ వాళ్లదా తెలుసుకుని రాసి అడగండి, రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మీ బొమ్మ మొదట లేచిపోతుంది మరి. రైల్వే హద్దు లోపల ఏమీ పెట్టొద్దు. తీర్మానంలోనే ఒక లైను చేర్పించండి: బొమ్మల ఆలనాపాలనా ఎవరు చూస్తారో.

మట్టి సంగతి

పింగాణీ అనగానే మనకి ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. నిజానికి ఊరగాయ జాడీలు చాలావరకు స్టోన్‌వేర్, అంటే పింగాణీ కన్నా ముతక మట్టి, గాజుపూత వేసి గట్టిగా కాల్చింది. మీ పనికి ఈ తేడా చాలా ముఖ్యం. మామూలు కుండ మట్టి 900 నుంచి 1000 డిగ్రీల లోపు కాలుతుంది, నీళ్లు పీల్చుకుంటుంది. స్టోన్‌వేర్ 1200 దాటి కాలుతుంది, నీళ్లు దాదాపు పీల్చదు. అసలు పింగాణీ 1280 నుంచి 1400 దాకా వెళ్తుంది, సగం పాళ్లు తెల్లమట్టి, పావు ఫెల్డ్‌స్పార్, పావు క్వార్ట్జ్ అనేది పాత లెక్క. బాగా కాలిన పలుచటి పింగాణీలోంచి వెలుతురు కూడా కనిపిస్తుంది. కానీ పింగాణీ మట్టికి బలం తక్కువ, పెద్ద ఆకారం చేస్తే కొలిమిలో మెత్తబడి వంగుతుంది, తడి నుంచి కాల్పు దాకా వచ్చేసరికి వందకి పన్నెండు పదిహేను పాళ్లు కుంచించుకుపోతుంది. అందుకని నా సలహా: ఆకారం స్టోన్‌వేర్‌తోనో, ఊరి కుమ్మరి మట్టితోనో చెయ్యండి, పింగాణీని పలకలుగా, ముఖాలుగా, చేతులుగా, పైన పొదిగే ముక్కలుగా వాడండి. ఐదడుగుల బొమ్మని మొత్తం పింగాణీతో చేయాలని పట్టుబడితే డబ్బూ మనసూ రెండూ విరిగిపోతాయి.

మీ దగ్గర దొరికే మట్టిని పరీక్ష చెయ్యకుండా వాడకండి. గుప్పెడు మట్టి తడిపి పెన్సిల్ లావు తాడులా చేసి వేలికి చుట్టండి. పగుళ్లు లేకుండా చుట్టుకుంటే పని చేస్తుంది, తెగిపోతే ఇసుక ఎక్కువ. ఎండిన ముక్క మీద నిమ్మరసం పిండండి, బుసబుస పొంగితే సున్నం ఉంది, కాల్చాక కొన్ని వారాలకి పెచ్చులు ఊడిపోతుంది, అది వద్దు. తర్వాత చిన్న పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి, ఎండాక కొలవండి, కాల్చాక మళ్లీ కొలవండి, ఎంత తగ్గిందో దాన్ని బట్టే మీ బొమ్మ ఎంత పెద్దగా మొదలుపెట్టాలో తెలుస్తుంది. గనుల దగ్గర దొరికే తెల్లమట్టిలో ఇనుము కలిసి ఉంటుంది కాబట్టి కాలితే పాలతెలుపు రాదు, లేత గులాబీకో గోధుమకో తిరుగుతుంది. నాకైతే ఆ రంగే బాగుంటుందనిపిస్తుంది, మన నేల రంగు అది. దాన్ని జల్లెడ పట్టి పలచగా కలిపి ఎర్రమట్టి బొమ్మ మీద పూతగా వాడొచ్చు. అలా వాడేముందు రెండు మట్టుల కుంచింపూ దగ్గరగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పూత పొలుసులు లేస్తుంది. కొంచెమే అయినా స్థల యజమానిని అడిగే తీసుకోండి, ఎక్కువ కావాలంటే జిల్లా గనుల శాఖ ఆఫీసులో అడగాలి. పలకలకి కావలసిన అసలు పింగాణీ మట్టిని తయారుగా కొనుక్కోవడమే మేలు.

మాంగనీసు ఖనిజాన్ని నూరి రంగుగా వాడితే గోధుమ నుంచి నలుపు దాకా వస్తుంది, కొన్ని గాజుపూతల్లో ఊదారంగుకి తిరుగుతుంది. చాలా అందంగా ఉంటుంది, మన బాటకి అదే ప్రాణం. కానీ జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మాంగనీసు దుమ్మూ, కాల్చేటప్పుడు వచ్చే పొగా ఎక్కువకాలం పీలిస్తే నరాల జబ్బు వస్తుంది, చేతులు వణుకుతాయి, నడక మారిపోతుంది. గని మనుషులకి ఇది కొత్త విషయం కాదు. అందుకని పొడిగా నూరొద్దు, నీళ్లు పోసి తడిగానే నూరాలి, మాస్కు ఉండాలి, పిల్లల చేత ఆ పని చేయించొద్దు, కొలిమి ఇంటికి దూరంగా గాలి ఆడే చోట ఉండాలి, కాలుతున్నంతసేపూ దాని పక్కన కూర్చోవద్దు. ఈ రంగు వేసిన దేన్నీ తినడానికీ తాగడానికీ వాడకూడదు.

చెయ్యడం, ఆరబెట్టడం, కాల్చడం

ఊళ్లో కుమ్మరి కుటుంబం ఉంటే మొదటి రోజు నుంచే వాళ్లని కూర్చోబెట్టండి, కూలికి పిలిచినట్టు చివర్లో పిలవకండి. మట్టి ఎంత తొక్కాలో, ఆ ఊరి మట్టికి ఎంత ఇసుక కలపాలో, ఏ నెలలో ఏ గాలి ఆరబెట్టడానికి పనికొస్తుందో వాళ్ల చేతికి తెలుసు. డబ్బు మాట కూడా ముందే మాట్లాడుకోండి, రోజుకూలిగా కాకుండా కళాకారుడికి ఇచ్చే లెక్కన ఇవ్వండి, బోర్డు మీద వాళ్ల పేరు పడాలి.

పెద్ద బొమ్మ లోపల బోలుగా ఉండాలి. గోడ మందం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు అంతటా ఒకేలా ఉండేలా మట్టితాళ్లు చుట్టుకుంటూ పైకి కట్టుకొస్తే సరిపోతుంది. లోపలి గాలి బయటికి పోవడానికి కనపడని చోట చిల్లు పెట్టండి. కొలిమిలో పట్టేంత ముక్కలుగా చేసి, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా అంచులు తీర్చండి. ఆరబెట్టడమే అందరూ తొందరపడే చోటు. నీడలో, గోనెసంచులు కప్పి, రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి, చెవులు, వేళ్లు లాంటి సన్నటి భాగాలు ముందే ఎండిపోకుండా తడిగుడ్డ చుట్టాలి. ఆరిందో లేదో తెలియాలంటే ముక్కని చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. తడి ఉన్నది కొలిమిలో పెడితే ఆవిరై పేలుతుంది, పక్కన ఉన్నవాటిని కూడా పగలగొడుతుంది.

కాల్పులో మొదటి కొన్ని గంటలు చాలా నెమ్మదిగా వేడి పెంచాలి, నీళ్లు మరిగే వేడి దాటేదాకా అసలు తొందర వద్దు. మళ్లీ 573 డిగ్రీల దగ్గర జాగ్రత్త, అక్కడ మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది, వేడి గబగబా ఎక్కినా దిగినా పగులు వస్తుంది. ఊరి కుమ్మరి ఆవంలో పిడకలూ ఊకా వేసి కాలిస్తే కుండమట్టికి సరిపడా వేడి వస్తుంది. స్టోన్‌వేర్‌కీ పింగాణీకీ గ్యాస్ కొలిమో కరెంటు కొలిమో కావాలి, విశాఖలో స్టూడియో పాటరీ చేసేవాళ్ల దగ్గర అద్దెకి అడగొచ్చు. అన్నిటికన్నా ఖర్చు ఇక్కడే, ఆ తర్వాత రవాణాకి. అందుకే పచ్చిముక్కలు మోసుకెళ్లే బదులు బాగా ఆరినవాటినో, ఊళ్లో ఒకసారి తక్కువ వేడిలో కాల్చినవాటినో ఊకలో పాతి తీసుకెళ్లండి.

అంత స్తోమత లేదనుకుంటే ఇంకో దారి ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. ఇళ్లలో పగిలిన కప్పులు, సాసర్లు, జాడీ మూతలు, కరెంటు స్తంభాల మీద నుంచి తీసేసిన తెల్లటి పింగాణీ గుబ్బలు సేకరించి సిమెంటు ఆకారం మీద అతికించే పని. చండీగఢ్‌లో నేక్‌చంద్ ఇలాంటి పారేసిన సామాన్లతోనే రాక్ గార్డెన్ కట్టాడు, 1976లో జనానికి తెరిచారు. ప్రతి ఇంటి నుంచీ ఒక పగిలిన ముక్క వచ్చిందంటే ఆ బొమ్మకి రాయి విసిరేవాడు ఆ ఊళ్లో ఉండడు. అంచులు మాత్రం చెయ్యి తెగకుండా అరగదీసి లోపలికి పొదగాలి, పిల్లలు తప్పకుండా తడుముతారు.

బొమ్మ ఏది చెయ్యాలో మీరు విన్న కథలే చెబుతాయి. నాకు తోచినవి కొన్ని: ఖనిజం గంప, దాన్ని ఎత్తిపెడుతున్న రెండు జతల చేతులు. మనిషి ఎత్తు జాడీ, దాని చుట్టూ గని కథ మాంగనీసు నలుపుతో గీసింది. కోడురైట్‌లోని గార్నెట్ స్ఫటికం, పన్నెండు ముఖాల ఆకారం, ఒక్కో ముఖం మీద ఊళ్లో ఒక్కో పనిముట్టు. సుత్తి పట్టుకున్న ఆడమనిషి నిలువు బొమ్మ మాత్రం తప్పకుండా ఉండాలి, మన జిల్లాల్లో రాజులకీ కవులకీ నాయకులకీ విగ్రహాలు ఉన్నాయి, రాయి కొట్టినవాళ్లకి కూడా ఒకటి రావాలి.

దిమ్మె, గాలి, వాన

చలిదేశాల్లో బయట పెట్టే మట్టిబొమ్మకి పెద్ద శత్రువు మంచు. మట్టిలో చేరిన నీరు గడ్డకట్టి పగలగొడుతుంది. మనకి ఆ భయం లేదు కాబట్టి ఊరి మట్టిబొమ్మ కూడా బాగా కాలితే తరాలు నిలబడుతుంది. సాక్ష్యం కావాలంటే శాలిహుండం వెళ్లండి, వంశధార ఒడ్డు కొండ మీద బౌద్ధుల ఇటుక స్తూపాలు వందల ఏళ్ల వానలకి తడిసి ఇంకా ఉన్నాయి. మన శత్రువులు వేరు: తుపాను గాలి, నాచు, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు, బొమ్మ మీదకి ఎక్కే పిల్లలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో మనకెవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రతి బొమ్మ మధ్యలోంచి తుప్పు పట్టని స్టీలు పైపు దిమ్మెలోకి లోతుగా దిగాలి. పైపుకీ మట్టికీ మధ్య ఖాళీ వదలండి, ఎండకి ఇనుము సాగి మట్టిని చీల్చకుండా. ఆ ఖాళీలో గట్టి సిమెంటు నింపొద్దు, మెత్తటి సున్నం ముద్దో రబ్బరు వాషర్లో చాలు. దిమ్మె పైభాగం కొంచెం వాలుగా ఉండి, లోపల చేరిన నీరు బయటికి పోయేలా అడుగున చిల్లులు ఉండాలి.

దిమ్మెకి రాయి కొనక్కర్లేదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు, పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఎగుమతికి పనికిరాని అంచు ముక్కలు, పగుళ్లొచ్చిన దిమ్మలు పడి ఉంటాయి. ఆ నీలిరంగు రాయి శ్రీకాకుళం పేరు మీదే దేశదేశాలకి వెళ్తుంది, మన బాటలో దానికీ చోటు ఉండాలి. ఒక లెటర్‌హెడ్ మీద రాసి అడిగితే లారీ ఖర్చు పెట్టుకుంటే ఇచ్చేవాళ్లు ఉంటారు. పేరు పలకలకి సారవకోట మండలం బుడితి కంచుపని వాళ్లని అడగండి, భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది, పైగా పక్క జిల్లా సరుకు.

బోర్డు ఫ్లెక్సీ మీద వెయ్యొద్దు, ఒక వేసవి దాటేసరికి వెలిసిపోతుంది. పింగాణీ పలక మీద కాల్పుకి ముందే రంగుతో అక్షరాలు రాసి కాలిస్తే ఎండా వానా ఏమీ చెయ్యలేవు. తెలుగు పెద్దగా, పైన. నాలుగు వాక్యాలు చాలు: ఇక్కడ ఏం తవ్వారు, ఎవరు తవ్వారు, ఎప్పుడు, ఈ బొమ్మ ఎవరు చేశారు. విన్న కథలోంచి ఒక మాట వాళ్ల నోటి మాటగానే వెయ్యండి, వాళ్ల యాసని దిద్దకండి. ఎత్తు నాలుగో తరగతి పిల్ల చదవగలిగేంత. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ల పేర్ల జాబితాకి ఈ పలక మీద చోటు ఇవ్వకండి, దానికోసం ఎంత ఒత్తిడి వచ్చినా సరే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కథల సేకరణ, అనుమతులు వానాకాలంలో చేసుకోండి, అప్పుడు మట్టిపని ఎలాగూ సాగదు. దసరా, దీపావళి ప్రమిదల హడావిడి అయ్యాక కుమ్మరులకి తీరిక దొరుకుతుంది, గాలిలో తేమ కూడా తగ్గుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెయ్యడం, ఆరబెట్టడం. మార్చిలో కాల్పులు. ఎండలు ముదిరేలోగా నిలబెట్టేస్తే సిమెంటు, సున్నం గట్టిపడటానికి వానల దాకా టైం ఉంటుంది. స్కూలు పిల్లల్ని గైడ్లుగా తయారుచేయండి, ఒక్కో బొమ్మకి ఇద్దరు. కథ చెప్పినవాళ్లని మొదటి నడకకి ముందు వరసలో తీసుకెళ్లండి, నడవలేనివాళ్లకి ఆటో పెట్టండి. ఇది బాగా కుదిరితే రెండో ఏడాది రామతీర్థం, పొందూరు, శాలిహుండం వైపు బైకు మీద తిరిగే దారిగా పెంచుకోవచ్చు.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ వానలు వెనకబడ్డాక మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్లతో నాచు కడగాలి. యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు, గాజుపూతనీ అతుకుల్లోని సున్నాన్నీ తినేస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే విడిగా తీయగలిగిన పై ముక్కల్ని తీసి బడిలో పెట్టండి. ఇంకొకటి, ప్రతి పింగాణీ పలకనీ మొదటే రెండేసి చేసి, వెనక నంబరు గీసి, రెండోదాన్ని పంచాయతీ ఆఫీసులో పెట్టెలో దాచండి. పగిలినప్పుడు అదే మట్టి, అదే రంగు మళ్లీ దొరకవు.